మైకు ఆన్‌లో ఉన్న రోజు

డబ్బింగ్ నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు నన్ను పట్టుకుని అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, మిమ్మల్ని బాగా కష్టపెట్టిన డైలాగు ఏది?" పేజీన్నర కోర్టు సీనో, పురిటినొప్పుల సీనో చెబుతానని ఫోన్లో రికార్డింగ్ కూడా పెట్టుకుంటారు. నేను మొదలుపెట్టగానే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రికార్డింగ్ ఆపాలా వద్దా అని వాళ్ల అనుమానం. ఆపకండమ్మా. మీకు పనికొచ్చేదే.

పదేళ్ల కిందటి మాట. నాకప్పుడు నలభై తొమ్మిది. తెనాలి దగ్గర నుంచి పెళ్లయి కృష్ణానగర్‌లో మూడో అంతస్తుకి కాపురానికొచ్చినదాన్ని. ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో గొంతు అరువిచ్చి బతకడం మొదలుపెట్టి అప్పటికి పాతికేళ్లు దాటింది. మా ఆయన ప్రొడక్షన్ మేనేజరు, నెలలో ఇరవై రోజులు ఏదో ఒక ఊళ్లో షూటింగ్. మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు, అబ్బాయి ఇంటర్ మొదటి ఏడు. ఆ వయసులో కూడా నేను ఇరవై ఏళ్ల హీరోయిన్లకే చెబుతున్నాను. కూరగాయల బండి దగ్గర బేరమాడుతుంటే జనం వెనక్కి తిరిగి చూసేవాళ్లు, ఈ గొంతు ఎక్కడో విన్నామే అన్నట్టు. దానికి తగ్గ గర్వం కూడా ఉండేది లెండి.

సరిగ్గా అప్పుడే నాకు ఆవిర్లు మొదలయ్యాయి.

డబ్బింగ్ గది సంగతి మీకు తెలిసిందే. ముందు తెర, మధ్యలో మైకు, పక్కన పెద్ద అద్దం, అద్దం అవతలి గదిలో చీకట్లో ఇంజనీరూ డైరెక్టరూ. రెండు గదులకీ కలిపి ఒకటే ఏసీ. మే నెలలో కూడా నేను శాలువా పట్టుకెళ్లేదాన్ని. అలాంటి గదిలో, ప్రేమలేఖ చదువుతూ సిగ్గుపడే సీన్ మధ్యలో, కడుపులో ఎవరో పొయ్యి ముట్టించినట్టు వేడి లేచేది. మెడ, చెవులు, నెత్తి అన్నీ భగభగ. రెండు నిమిషాల్లో జాకెట్టు తడిసి ముద్ద. ఆ తర్వాత వణుకు.

మా సౌండ్ ఇంజనీరు రహమత్‌నగర్ మనిషి. నాకంటే రెండేళ్లు పెద్దే అయినా నన్ను ‘అక్కా’ అనేవాడు. నేను గంటకోసారి ‘ఏసీ ఇంకాస్త పెంచండి’ అంటుంటే మొదటి వారం పెంచాడు. రెండో వారం స్వెట్టర్ వేసుకొచ్చాడు. మూడో వారం, ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం, మంకీ క్యాప్ పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఎందుకని అతను అడగలేదు, నేను చెప్పలేదు. అతని అవస్థ చూడలేక ఒకరోజు ఇంటి నుంచి తాటాకు విసనకర్ర తెచ్చుకుని, డైలాగు చెబుతూనే మెల్లగా విసురుకున్నాను.

"అక్కా," అన్నాడు హెడ్‌ఫోన్లో, "హీరోయిన్ పక్కపొంటి ఏందో పిట్ట రెక్కలు కొట్టుకుంటున్నది. సీన్ల పిట్ట లేదు."

విసనకర్ర సంచిలో పెట్టేశాను.

యూసుఫ్‌గూడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి ఒంటరిగా వెళ్లొచ్చాను. నెలసరి గాడి తప్పి ఏడాదవుతోందంటే స్కానింగ్ రాసింది. రిపోర్టు చూసి, "అంతా బాగుందమ్మా. మెనోపాజ్ దగ్గరపడుతోంది, అంతే. ఇంట్లో చెప్పండి, వాళ్లకీ తెలియాలి" అంది. ఆమె ఇచ్చిన మాత్రలు సులువుగానే మింగాను. ఆ ఆఖరి మాట మాత్రం గొంతు దిగలేదు.

ఏమని చెప్పాలి? నెలసరి వచ్చిందనడానికి మన ఇళ్లల్లో బోలెడు పేర్లున్నాయి. బయట ఉన్నాననొచ్చు, దూరంగా ఉన్నాననొచ్చు, కళ్లతోనే చెప్పేయొచ్చు. అది ఆగిపోతోందనడానికి ఒక్క పేరు లేదు. పుస్తకాల్లో ‘రుతువిరతి’ అని రాస్తారట. ఆ మాట ఇంట్లో అంటే మావాడు వాతావరణ కేంద్రం హెచ్చరిక అనుకుంటాడు. అందుకని అబద్ధాలాడాను. చెమట పడితే గ్యాస్ అన్నాను. కళ్లు ఎర్రబడితే దుమ్ము పడదన్నాను. నిద్రపట్టక హాల్లో పచార్లు చేస్తూ దొరికిపోతే డైలాగు ప్రాక్టీసు అన్నాను.

ఇదంతా భరించవచ్చు. అసలు దెబ్బ నవ్వు దగ్గర తగిలింది.

ఆ సినిమా డైరెక్టరుకి అది మొదటి సినిమా. రాజమండ్రి కుర్రాడు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి, మర్యాదస్తుడు. కాలేజీ మెట్ల మీద హీరోయిన్ స్నేహితురాళ్లతో కలిసి పడీపడీ నవ్వే సీన్. ఒకప్పుడు అలాంటిది నాకు నీళ్లు తాగినంత తేలిక. ఆ రోజు ఎన్ని టేకులు తీసుకున్నా నవ్వు పైకి వెళ్లి అక్కడ చిట్లిపోయేది. డైరెక్టరు చాలాసేపు తటపటాయించి, "మేడం, బాగుంది... కానీ కొంచెం, ఎలా చెప్పాలి, పెద్దమనిషి నవ్వినట్టు ఉంది. రేపు చూద్దామా?" అన్నాడు. పాతికేళ్లలో నన్ను ‘రేపు చూద్దామా’ అన్న మొదటి మనిషి.

ఇంటికొచ్చేసరికి హాల్లో మా అమ్మాయి, ముగ్గురు స్నేహితురాళ్లు నేలమీద కూర్చుని నవ్వుతున్నారు. పకపకా, హాయిగా, ఏ ప్రయత్నమూ లేకుండా. పొద్దున్నుంచీ నేను వెతికి వెతికి దొరక్క తిరిగొచ్చిన నవ్వు అదే. గుమ్మంలో నిలబడి, "ఏంటా వెకిలి నవ్వులు? ఇల్లా, బజారా?" అని అరిచాను. చెప్పాను కదా, శిక్షణ పొందిన గొంతు. మెట్ల కింద ఆటోవాళ్లు కూడా తల ఎత్తి చూశారట. పిల్లలు సంచులు తీసుకుని తలలు దించుకుని వెళ్లిపోయారు. మా అమ్మాయి నా వంక ఒక్క చూపు చూసి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఆ తర్వాత పది రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ వెళ్లి మాట్లాడలేదు. ఏమని మాట్లాడను?

పదకొండో రోజు సంగతి చెబుతాను.

నవ్వు సీన్ మళ్లీ పెట్టుకున్నాం. మధ్యాహ్నం దాకా కుదరలేదు. టోలిచౌకి నుంచి బిర్యానీ వస్తోంది, తిని చూద్దాం అని అవతలి గదివాళ్లు లేచి వెళ్లారు. నాకు ఆకలి లేదు. బూత్‌లోనే లైటు తగ్గించుకుని కూర్చున్నాను. ఫోన్ వణికింది. మా అమ్మాయి.

మందపాటి గోడలు కదా, ఆ గదిలో సిగ్నల్ దొరికే చోటు ఒక్కటే, మైకు పక్కన. వెళ్లి అక్కడే నిలబడ్డాను.

"అమ్మా, ఎక్కడున్నావ్?" అంది. గొంతులే నా వృత్తి. అది ఏడ్చి ఏడ్చి ఆపుకున్న గొంతని ఆ రెండు ముక్కల్లోనే తెలిసిపోయింది.

"స్టూడియోలో. ఏమైందే?"

"నీ ఫైలు దొరికింది. కాలేజీలో చీరల రోజుకని నీ పట్టుచీరలు తీస్తుంటే వాటి కింద. స్కానింగ్ ఫైలు." కాగితాలు తిప్పిన చప్పుడు. "ఎండోమెట్రియం అని ఏదో ఉంది, దాని మందం ఇంత అని ఉంది. మేం ఫోన్లో కొట్టి చూశాం, గర్భసంచి లోపలి పొరట. ఎన్నాళ్ల నుంచి దాస్తున్నావమ్మా? నాన్నకి తెలుసా?"

వెనక నుంచి మా అబ్బాయి గొంతు వినిపించింది, బొంగురుగా: "అమ్మా, ఏ స్టేజి?"

"ఒరేయ్, స్టేజీ లేదు, ఏమీ లేదు! క్యాన్సర్ కాదురా!"

"అబద్ధం చెప్పకు," అంది అమ్మాయి. "గ్యాస్ అన్నావు. దుమ్మన్నావు. మొన్న తమ్ముడికి పులుసు పెట్టడం నేర్పుతూ, రేపు నేను లేకపోతే మీకెవరు చేసిపెడతారు అన్నావు."

"అది అమ్మలందరూ అనే మాటే తల్లీ!"

"మరి ఏంటి?"

స్పీకర్లో మగపిల్లాడు వింటున్నాడు. ఫోన్ పెట్టేసి సాయంత్రం చెబుతాననవచ్చు. కానీ ఆ ఇద్దరూ సాయంత్రం దాకా ఎలా ఉంటారు? మైకు ముందు నిలబడితే వెన్ను నిటారుగా పెట్టి మాట తొణక్కుండా చెప్పడం నాకు పాతికేళ్ల అలవాటు. ఆ అలవాటే నన్ను కాపాడిందనుకుంటాను.

"ఇద్దరూ వినండి. నాకు నెలనెలా వచ్చేది ఆగిపోతోంది. దాన్ని మెనోపాజ్ అంటారు. కుళాయి కట్టేసినట్టు ఒక్కరోజులో ఆగదు. ఒక నెల రాదు, ఒక నెల ఎక్కువగా వస్తుంది, అలా ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా ఒంట్లో ఆవిర్లొస్తాయి, నిద్ర పట్టదు, ఎందుకు వంటింట్లోకి వచ్చానో గుర్తుండదు. ఊరికే ఏడుపొస్తుంది, ఊరికే కోపమొస్తుంది. ఇది జబ్బు కాదు. స్కానింగ్ ఎందుకైనా మంచిదని తీశారు, అంతా బాగుందని డాక్టరమ్మ చెప్పింది. కావాలంటే రేపు మీ ఇద్దరినీ ఆమె దగ్గరికి తీసుకెళ్తాను, మీరే అడగండి."

మావాడు ముందుగా తేరుకుని, "మొన్న ఫ్రిజ్ తలుపు తీసి అందులో తల పెట్టుకున్నావు. అదీ దీనివల్లేనా?" అన్నాడు.

"దీనివల్లే."

"హమ్మయ్య. నేను ఇంకేదో అనుకున్నా."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?" అంది అమ్మాయి. ఈసారి కోపం లేదు గొంతులో.

అక్కడ నా గొంతు తొణికింది. "భయమేసిందే. మీతో అంటే అది నిజమైపోతుందని. గొంతు మారిపోతోంది నాకు. పదకొండు రోజులుగా ఒక్క నవ్వు నవ్వలేకపోతున్నాను. ఈ డైరెక్టరు బాబు మంచివాడు కాబట్టి మొహమాటపడుతున్నాడు. రేపో మాపో వేరేవాళ్లను పిలుస్తాడు. ఈ గొంతు పోతే ఇంక నన్నెవరు పిలుస్తారు?"

అప్పుడు అద్దం అవతలి చీకట్లో ఎవరికో గట్టిగా పొలమారింది.

పక్కన పెట్టిన హెడ్‌ఫోన్లోంచి ఆగకుండా దగ్గు. నీళ్లసీసా కింద పడ్డ చప్పుడు. పాతికేళ్ల అనుభవం ఉండి మర్చిపోయాను చూడండి. మన మైకు మన చేతిలో ఉండదు. ఇంజనీరు కట్టేస్తేనే కట్టినట్టు, లేకపోతే మనం ఊపిరి పీల్చినా అవతలి గది స్పీకర్లలో మోగుతుంది. వాళ్లు బిర్యానీ పొట్లాలు పట్టుకుని ఎప్పుడో తిరిగొచ్చారు.

పిల్లలకు మళ్లీ చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. హెడ్‌ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాను.

"అక్కా," అన్నాడు ఇంజనీరు, చాలా చిన్నగా. "మైకు ఆన్‌ల ఉన్నది."

"ఇప్పుడు చెబుతున్నారా?"

"ముందుగాలే చెప్పాలనుకున్న. పిల్లలు ఏడుస్తున్నరు, నడుమ ఎట్ల ఆపాలె?" మళ్లీ తనే అన్నాడు. "ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకు. గా నిద్ర పట్టకపోవుడు, ఊకె ఏడుసుడు... మా ఇంటామెకు ఏడాది సంది గిదే లొల్లి. నేను మూడుసార్లు దిష్టి తీపిచ్చిన. ఫ్యాన్ సరిగ్గ తిరుగుతలేదని రెగ్యులేటర్ గూడ మార్పిచ్చిన. గిదేనా అది?"

"ఇదే అనుకుంటా. డాక్టరమ్మ అడ్రసు ఇస్తాను, తీసుకెళ్లండి."

"మరి నువ్వు గింత మంచిగ చెప్తివి, నాకు అప్పుడే చెప్పొద్దా? మంకీ క్యాప్ పెట్టుకుని కూసున్న గదా!"

అది వినేసరికి నాకు నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. కడుపు పట్టుకుని, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వాను. అద్దం అవతల ఇంజనీరూ నవ్వుతున్నాడు. డైరెక్టరు మాత్రం ఇంకా దగ్గుతూనే బయటికి వెళ్లాడు. నేను మంచినీళ్ల కోసం వరండాలోకి వచ్చేసరికి అతను ఫోన్లో వాళ్లమ్మతో మాట్లాడుతున్నాడు. "తిన్నావా అమ్మా? ... ఆ, నేనూ తిన్నాను. ... ఏం లేదు, ఊరికే చేశాను. ... తిన్నావా మరి?" మూడుసార్లు అడిగాడు, తిన్నావా అని. అసలు అడగాలనుకున్నది అడగలేకపోయాడు పాపం. నన్ను చూసి, "సారీ మేడం. వినకూడదనే అనుకున్నాం. లేచి వెళ్తే తలుపు చప్పుడవుతుందని..." అన్నాడు.

ఆ సినిమా సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ మధ్యాహ్నం నవ్వు సీన్ మొదటి టేకులోనే ఓకే అయింది. మీరు చప్పట్లు కొట్టకండి. మిగతా సీన్లలో గొంతు కలవలేదు. వారం తర్వాత డైరెక్టరు మా ఇంటికే వచ్చి, కాఫీ తాగి, వేరే అమ్మాయి చేత మొత్తం చెప్పిస్తున్నామని చెప్పాడు. ఆ నవ్వు కూడా పోయింది. రెండు రోజులు ఏడ్చాను, దానికి ఆవిర్లతో సంబంధం లేదు. తర్వాత అతనే ఆ సినిమాలో జడ్జి పాత్రకు పిలిచాడు. అక్కడ నుంచి తొమ్మిదేళ్లు జడ్జీలకు, అత్తలకు, ఇద్దరు ముఖ్యమంత్రులకు చెప్పి మానేశాను. పాత్రలు మారినా మైకు మారలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి ఇద్దరూ హాల్లో కూర్చుని ఉన్నారు. మావాడు నేను కూర్చునే కుర్చీని సరిగ్గా ఫ్యాను కిందకు జరిపి పెట్టాడు. టీ పెట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. నోటుపుస్తకం తీస్తాడేమోనని భయపడ్డాను, అన్ని ప్రశ్నలున్నాయి వాడి దగ్గర.

"నాన్నకి కూడా వస్తుందా?"

"రాదు."

"మరి నాన్నకెందుకు కోపం?"

"అది ప్రొడక్షన్."

అమ్మాయి నవ్వలేదు. టీ కప్పు వంకే చూస్తోంది. నేను కుర్చీ లోంచి లేచి దాని పక్కన నేలమీద కూర్చున్నాను. "ఆ రోజు నీ స్నేహితురాళ్ల ముందు అరిచాను కదా, అది ఆవిరి వల్ల కాదే. అలా చెప్పి తప్పించుకోవచ్చు, కానీ కాదు. నువ్వు నవ్వుతుంటే నాకు కుళ్లొచ్చింది. అదే నవ్వు నాకు పొద్దున్నుంచీ రాలేదు."

అది తల ఎత్తి చూసింది. తర్వాత నెమ్మదిగా నా భుజం మీద తల పెట్టి, "వాళ్లకి ఫోన్ చేసి సారీ చెప్పు. నాకు కాదు, వాళ్లకి" అంది. అప్పటికప్పుడు ముగ్గురికీ చేశాను. వాళ్లలో ఒకమ్మాయి, "పర్లేదాంటీ, మా అమ్మ రోజూ అరుస్తుంది" అంది. మా అమ్మాయి ఆ ఫోన్ లాక్కుని, "మీ అమ్మ వయసెంతే?" అని అడిగింది.

ఆ తర్వాత విశాఖపట్నం షూటింగ్‌లో ఉన్న వాళ్ల నాన్నకి మావాడు ఫోన్ చేసి సంగతంతా చెప్పేశాడు. నాకంటే పద్ధతిగా చెప్పాడు. మా ఆయన నన్ను పిలిచి, "నేను ఏమైందని అడిగితే ఏమీ లేదన్నావు కదా?" అన్నారు.

"ఏమీ లేదంటే రెండోసారి అడగాలండీ."

"అలాగా," అన్నారు. వందమంది జూనియర్ ఆర్టిస్టుల లెక్క తప్పని మనిషి, ఆ మాట మాత్రం ఎక్కడో రాసుకున్నట్టు ఆగిపోయారు. "ఏమైంది?" అని మళ్లీ అడిగారు. మొత్తం మొదటి నుంచీ చెప్పాను.

పడుకోబోయే ముందు అమ్మాయి అడిగింది. "అమ్మమ్మకి ఎప్పుడు ఆగిపోయింది? ఆవిడకీ ఇలాగే ఉండేదా?"

తెలియదన్నాను. అంటూనే గుర్తొచ్చింది. నేను ఇంటర్లో ఉండగా ఒక చలికాలమంతా అమ్మ డాబా మీద ఒక్కతే పడుకునేది. పట్టపగలు బావి దగ్గర బిందెల కొద్దీ నీళ్లు నెత్తిన గుమ్మరించుకునేది. నాన్నతో పోట్లాడిందనుకుని నేనూ అన్నయ్యా చాటుగా నవ్వుకునేవాళ్లం. ఏమైందని ఒక్కరం కూడా అడగలేదు.

మర్నాడు పొద్దున్న పిల్లలు కాలేజీలకు వెళ్లాక అమ్మకు ఫోన్ చేశాను. అప్పటికి డెబ్బై తొమ్మిదేళ్లు. విజయవాడలో అన్నయ్య దగ్గరుంటోంది.

"అమ్మా, నీకు నెలసరి ఎప్పుడు ఆగిపోయింది?"

"ఛీ ఛీ, పొద్దున్నే ఫోన్లో ఏం మాటలే ఇవి? మీ అన్నయ్య ఎదురుగా పేపరు చదువుతున్నాడు" అంది.

"అయితే గదిలోకి వెళ్లు."

వెళ్లదనుకున్నాను. చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు గడియ పడింది. మంచం కిర్రుమంది.

"నలభై ఆరు," అంది గుసగుసగా. "మార్గశిరం. పిచ్చెక్కుతోందనుకున్నానే. మీ నాన్నా అలాగే అనుకున్నారు. మా అమ్మ అప్పటికే పోయింది, ఎవర్ని అడగను?"

"డాబా మీద పడుకునేదానివి."

"నీకు గుర్తుందా?" అంది. ఆ తర్వాత ఇంక నేను మాట్లాడాల్సిన అవసరం రాలేదు. స్టవ్ మీద పప్పు మాడిపోయింది, కట్టేసి వచ్చి మళ్లీ విన్నాను. మధ్యలో నవ్వింది, మధ్యలో ముక్కు చీదింది, ఒకచోట మా నాన్నని తిట్టింది. గుసగుస ఎప్పుడో మామూలు గొంతయిపోయింది. చివరికి అటుపక్క ఎవరో తలుపు కొట్టారు.

"మీ వదిన పిలుస్తోంది, టిఫినుకి," అంది అమ్మ. కానీ ఫోన్ పెట్టలేదు. "రేపు ఇదే టైముకి చెయ్యి. గడియ పెట్టుకుని కూర్చుంటాను."